పద్నాలుగో గ్రీన్ కింద

లాగ్ 1

బయట నలభై ఏడు. లోపల ముప్పై ఒకటిన్నర.

మీటర్ చదివి చెప్పే పని నాది. మధ్యాహ్నం సైరన్ మోగగానే తలుపు పక్కనున్న మైకు నొక్కి, "పద్నాలుగో గ్రీన్, నాలుగో ఇల్లు, ముప్పై ఒకటి పాయింట్ ఐదు" అనాలి. అవతల మనిషెవరూ ఉండరు. చిన్న బీప్ వస్తుంది. అది వినబడ్డాకే అమ్మ మళ్లీ ఉయ్యాల ఊపుతుంది.

తమ్ముడు పుట్టి నెల దాటింది. పేరింకా పెట్టలేదు. నాన్న సోలార్ ఫీల్డ్ డ్యూటీలో ఉన్నాడు. వానలు పడ్డాకే వస్తాడు, ఆయన వచ్చాకే పేరు. అప్పటిదాకా బ్లాకులో అందరికీ వాడు బుడ్డోడు.

ఏడాది నిండని పిల్లలున్న గదిలో ముప్పై నాలుగు దాటకూడదు. దాటితే ఒకటో గ్రీన్ నుంచి చలి వార్డు బండి వస్తుంది. తల్లినీ బిడ్డనూ ఎక్కించుకుని వెళ్తుంది, వానల దాకా పంపదు. ఇంట్లో మిగిలిన పిల్లల్ని హాస్టల్లో వేస్తారు. మా ఇంట్లో మిగిలేది నేనే. పోయిన ఎండాకాలం తొమ్మిదో గ్రీన్ ఎండిపోయినప్పుడు మా క్లాసు షారన్‌ను అలాగే హాస్టల్‌కి పంపారు. వానలొచ్చాక ఇంటికి వెళ్తే, వాళ్ల చెల్లి కొత్త మనిషి అనుకుని షారన్‌ను చూసి ఏడ్చిందట. షారన్ ఆ మాట నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

స్కూల్‌కి ఇవ్వాల్సిన సమ్మర్ లాగ్ ఇంగ్లీషులో వేరే రాస్తున్నాను. అందులో గడ్డి హెల్దీగా ఉందనీ, మేమంతా హ్యాపీ అనీ ఉంది. దాన్ని మేడం క్లాసు స్క్రీన్ మీద పెడుతుంది. ఇది ఎవరి కోసమూ కాదు.

లాగ్ 2

తెల్లవారగానే ఇంటికొకరు చొప్పున పైకి వెళ్లాం. మా బ్లాకులో ఏడిళ్లు, పైకి వెళ్లడానికి ఒకటే మెట్లదారి. పైమూత తెరిస్తే గడ్డి వాసన ముఖానికి కొడుతుంది. రోజంతటిలో నాకు నచ్చేది అదొక్కటే.

మా ఏడిళ్ల పైకప్పే ఈ గ్రీన్. గడ్డికి చెమట పడితే మాకు చల్లగా ఉంటుంది, గడ్డి ఎండితే మేం ఉడుకుతాం. ఒకప్పుడు ఇది ఆట స్థలమట. కర్రతో చిన్న బంతిని కొట్టి ఒక కన్నంలో వేయడం ఆట. ఆ కన్నానికి ఇంత గడ్డి ఎందుకని అడిగితే మా హిస్టరీ మేడం కూడా కాసేపు ఆలోచించి, "దే ఎంజాయ్డ్ ఇట్" అంది.

కన్నం మాత్రం ఇంకా ఉంది. చలికాలంలో దాని చోటు మారుస్తుంటారు. కప్ కట్టర్ అనే గొట్టాన్ని దింపి తిప్పితే, మట్టి గుండ్రటి ముద్దగా పైకొస్తుంది. అడుగున వేళ్లు ఎలా ఉన్నాయో అప్పుడే చూస్తారు. ఉగాది దాటాక కట్టర్‌కి గుడ్డ చుట్టి పక్కన పెట్టేస్తారు. ఎండల్లో కోసిన చోటు మానదు. అందుకే వేసవిలో గ్రీన్‌ను ఎవరూ అలా లోతుగా కోయరు, అడుగు ఎవరూ చూడరు. అది ఇక్కడ అందరూ పాటించే రూలు.

గ్రీన్ ఇంచార్జి సమ్మక్క. ఆమెకు ఇలాంటి గ్రీన్లు ఆరున్నాయి. మట్టిలో పెట్టే మీటర్లు పోయినేడే కాలిపోయాయి. ఇప్పుడంతా ఆమె కళ్లే.

"ఓ ఇంగ్లీషు పిల్లా, చెప్పులు ఇడ్సినవా?"

"విడిచాను, ఆంటీ."

"ఆంటీ ఏంది, సమ్మక్క అను. పైపు ఇట్ల వట్టు. ఆకు తడ్వాలె, మన్ను తడ్వొద్దు. ఏం జెప్పిన?"

"ఆకు తడవాలి, మట్టి తడవకూడదు."

"ఆఁ. ముఖం మీద నీళ్లు చల్లుకుంటం జూడు, గట్ల. తాగిచ్చుడు వేరే, అది నా పని."

మంచులాంటి తుంపర, అంతే. గడ్డి ఒక్కసారి మెరిసింది. పైపైన గడ్డి కత్తిరించే మెషీన్ బ్లేడు కూడా ఈ నెలంతా ఎత్తులోనే పెట్టారు, గడ్డి కాస్త పొడుగ్గా ఉంటే ఓర్చుకుంటుందని. అందరూ వెనక్కి తిరిగాక నేను ఆగి చూశాను. గ్రీన్ పల్లంగా ఉన్న వైపు, సరిగ్గా మా ఇంటి మీద, నా అడుగులు అలాగే ఉన్నాయి. మిగతా చోట్ల గడ్డి లేచి నిలబడింది. అక్కడ లేవలేదు. రంగు కూడా నీలంలో బూడిద కలిపినట్టుంది.

సమ్మక్కకు చెప్పలేదు. కిందికి వచ్చేశాను.

లాగ్ 3

ముప్పై రెండు పాయింట్ రెండు. మైకులో ముప్పై రెండు అన్నాను. పాయింట్ రెండు పెద్ద అబద్ధం కాదు.

ఎండపొద్దు అందరూ పడుకునే వేళ మెట్ల దగ్గర గఫూర్ చాచా ఎదురయ్యాడు. రెండో ఇల్లు ఆయనది, ఒక్కడే ఉంటాడు. పైనుంచి దిగుతున్నాడు. నెత్తిన తడి తువ్వాలు, చంకలో ఖాళీ గిన్నె.

"ఇంత ఎండలో పైకెందుకు వెళ్లారు, చాచా?"

"ఊర్కెనే బేటీ. గాలికి."

"గాలి నలభై ఎనిమిది ఉంది."

"అందుకే దిగొచ్చిన కదా," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆయన కాళ్లకు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఎవరి రహస్యాలు వాళ్లవి. నావి నాకు చాలు.

లాగ్ 4

సమ్మక్క మా పల్లం చూసింది. వంగి అరచేత్తో గడ్డి నొక్కి, చెయ్యి తీసి, ఎంతసేపటికి లేస్తుందో చూసింది. లేవలేదు.

"దూప అయితాంది దీనికి," అంది. దూప అంటే దాహం.

ఆరో ఇంటి అండాలు పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పసిపోరడు ఉన్న ఇంటి మీదనే గిట్ల గావాల్నా. జర ఎక్వ నీళ్లు పెట్టరాదు సమ్మక్కా."

"లెక్క నీళ్లు పెద్దమ్మా. నా ఇంట్ల బాయి తవ్వి తేవాల్నా?"

"నువ్వు తవ్వినా తవ్వుతవు. నోరున్నది గదా గడ్డపార తీరు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టి, కిందికి చూశాను. గడ్డి మధ్యలో చిన్న చిన్న పసుపు పొడి ముద్దలు ఎండిపోయి ఉన్నాయి. ఒకటి గోటితో తీసి వాసన చూశాను.

సున్నిపిండి.

మా బ్లాకులో నూనె రాసి, సున్నిపిండి రుద్ది నీళ్లు పోసేది ఒక్కడికే.

పైపు కింద పెట్టి, జారినట్టు మోకాళ్ల మీద కూర్చున్నాను. చేతికందినన్ని ఏరి గౌను జేబులో వేసుకున్నాను. సమ్మక్క అటు తిరిగి ఉంది. చూడలేదనే అనుకుంటున్నాను.

లాగ్ 5

స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అన్నీ ట్యాంకులో పోయాలి. అవి శుభ్రమై మళ్లీ మనకే వస్తాయి. లెక్క తప్పించి బయట పారబోస్తే ఇల్లు మారుస్తారు, పడమటి గోడ వరసకి. అక్కడ ఏ ఇంట్లోనూ ముప్పై ఐదుకు తగ్గదు. అంటే అమ్మ దొరికినా బండే, గడ్డి చచ్చినా బండే.

ఇవాళ నిద్రపోతున్నట్టు పడుకున్నాను. బుడ్డోడి స్నానమైంది. అమ్మ వాణ్ణి సాంబ్రాణి పొగకు చూపించి ఉయ్యాలలో వేసింది. తర్వాత ఆ నీళ్ల టబ్బు మీద చీర కప్పి, చప్పుడు కాకుండా తలుపు తీసింది. కాసేపటికి వచ్చింది. ముఖమంతా ఎర్రగా కంది ఉంది. టబ్బు ఖాళీ. నేల మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకుంది. నెల బాలింత ఆ ఎండలోకి వెళ్లి వచ్చింది.

సాయంత్రం అడిగాను, మామూలుగా.

"అమ్మా, వాడి నీళ్లు ట్యాంకులో పోశావా?"

"పోసిన. ఎందుకు?"

"ఊరికే."

"ఊర్కె అడ్గుడు ఎప్పుడు నేర్చినవ్?"

అమ్మ నా వైపు చూడలేదు. నేనూ అమ్మ వైపు చూడలేదు. మా ఇద్దరికీ అబద్ధం చెప్పడం ఒకేలా వచ్చు. చేతిలో ఏదో ఒక పని పెట్టుకుంటాం. ఆమె బట్టలు మడతపెడుతోంది, నేను నా జడ విప్పి మళ్లీ వేసుకుంటున్నాను.

లాగ్ 6

ముప్పై మూడు పాయింట్ ఒకటి. మైకులో ముప్పై రెండు పాయింట్ ఆరు.

ఒక విషయం నాకు అర్థం కాలేదు. అమ్మ రోజూ టబ్బు నిండా పోస్తోంది. దాహంతో గడ్డి వాడుతుంటే, ఆ నీళ్లకైనా కొంచెం తేరుకోవాలి కదా. అందరికంటే ఎక్కువ తాగుతున్నది మా పల్లమే. అందరికంటే ముందు చచ్చిపోతున్నదీ అదే.

పొద్దున తుంపర కొట్టేటప్పుడు అల్లిక సూది ఒకటి స్లీవ్‌లో దాచుకుని పైకి తీసుకెళ్లాను. పల్లంలో కూర్చుని మట్టిలోకి గుచ్చాను. పైన పొడిగా, పెళుసుగా ఉంది. వేలెడు లోతు దిగాక సూది మెత్తగా జారిపోయింది, పెరుగులోకి దిగినట్టు. తీసి చూస్తే సూది నల్లగా ఉంది. వాసన చూసి వాంతి ఆపుకున్నాను. కుళ్లిన కోడిగుడ్డు.

అది దాహం కాదు. గడ్డి నీళ్లలో మునిగి ఉంది. అడుగున వేళ్లకు ఊపిరాడక కుళ్లిపోయి, నీళ్లు చుట్టూ ఉన్నా తాగలేకపోతోంది. పైనుంచి చూస్తే మాత్రం దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది. కనబడిన కొద్దీ పోస్తారు. పోసిన కొద్దీ చస్తుంది.

సూది కడిగి డబ్బాలో పెట్టేశాను. ఎవరికి చెప్పాలి? సమ్మక్కకు చెబితే, నీళ్లెవరు పోశారని అడుగుతుంది. సున్నిపిండి చూస్తే అడగాల్సిన పని కూడా లేదు.

లాగ్ 7

సమ్మక్క సాయంత్రం మెట్ల దగ్గర అందరినీ పిలిచింది. మిగతా గ్రీన్ల వాటాలోంచి బతిమాలి పద్నాలుగో గ్రీన్‌కి రెట్టింపు నీళ్లు సంపాదించింది. ఎల్లుండి పొద్దున్నుంచి మొదలు. బ్లాకంతా చప్పట్లు కొట్టింది. అమ్మ ఏడ్చింది. సమ్మక్క అమ్మ భుజం తట్టి, "ఏడ్వకు రజితా, నీ కొడుకు ఏడికీ పోడు," అంది.

నేను మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ నీళ్లు పడితే పల్లం ఒక్కటే కాదు, గ్రీన్ మొత్తం పోతుంది. ఏడిళ్లూ ఖాళీ చేయించి, ఎక్కడ మంచం దొరికితే అక్కడికి ఒక్కొక్కరిని సర్దుతారు.

చెప్పకపోతే అలా. చెబితే అమ్మ పేరు బయటికొస్తుంది.

అమ్మతో మాట్లాడాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండోసారి అమ్మే అంది, "ఏందే, చేప తీరు నోరు తెరుస్తున్నవ్? ఆకలైతాందా?"

"లేదు."

"గట్లయితే మూసుకో, దోమలు వోతయి."

దోమలు నేను పుట్టకముందే అయిపోయాయి. అమ్మ ఇంకా అలాగే అంటుంది.

లాగ్ 8

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్నే అందరూ పైన ఉన్నారు. ఇంటికొకరు కాదు, అందరూ. అమ్మ కూడా బుడ్డోణ్ణి ఒళ్లో చుట్టుకుని వచ్చింది. సమ్మక్క పెద్ద పైపు లాగి పల్లంలో పెట్టింది. వాల్వు తిప్పబోయింది.

"ఆగండి," అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. ఈసారి అరిచినట్టు వచ్చింది.

"ఏందే పోరీ?"

"ముందు కోసి చూడండి. అడుగున చూడండి."

సమ్మక్క కళ్లు పెద్దవి చేసింది. "ఎండలల్ల గడ్డి కోస్తరా? పిచ్చి లేసిందా నీకు? గదే నేర్పిండ్రా ఇంగ్లీషు బడిల?"

ఆమె తోపుడు బండిలో గుడ్డ చుట్టిన కట్టర్ ఉంది. నేను వెళ్లి తీసుకున్నాను. బరువుగా ఉంది, లాక్కుంటూ వచ్చాను. గుడ్డ విప్పుతుంటే అండాలు పెద్దమ్మ, "రజితా, నీ బిడ్డను వట్టుకో, పాణం బాలేనట్టున్నది," అంటోంది. అమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. నా ముఖం చూసింది. నాకు తెలుసని అప్పుడే అర్థమైనట్టుంది.

గొట్టం నేల మీద ఆన్చి, పిడి మీద నా బరువంతా వేసి తిప్పాను. అది సులువుగా దిగిపోయింది. సులువుగా దిగకూడదు. సమ్మక్క నా చెయ్యి పట్టుకోబోయి, ఆ దిగడం చూసి వదిలేసింది. తనే కట్టర్ అందుకుని పైకి లాగింది.

ముద్ద బయటికొచ్చింది. పైన గడ్డి. దాని కింద తెల్లగా, పసుపుగా జిగట పొర. ఆ కిందంతా నలుపు. వాసనకు గఫూర్ చాచా తువ్వాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

సమ్మక్క ముద్దను రెండు చేతులతో విరిచింది. వేళ్లు లేవు. కొన్ని గోధుమ రంగు దారాలు ఆమె వేళ్లకు అంటుకుని తెగిపోయాయి.

"దూప గాదు," అంది నెమ్మదిగా. "ముంచిండ్రు దీన్ని." పసుపు పొరను గీకి వాసన చూసింది. తలెత్తింది. "ఎవలు వోసిండ్రు?"

బుడ్డోడు ఒక్కడే ఏదో గొణుగుతున్నాడు.

"నేను," అన్నాను. "రోజూ మధ్యాహ్నం నేనే పోశాను. అమ్మకు తెలియదు."

"అది గాదు," అంది అమ్మ వెంటనే. "దానికి అబద్ధమాడుడు సుత సక్కగ రాదు. నేనే వోసిన సమ్మక్కా. కొడుకు స్నానం నీళ్లు. మొక్కలకు మంచిదంటరు గదా అని వోసిన. నన్ను పడమటికి పంపితే పంపు, పిల్లను అనకు."

సమ్మక్క ముద్ద వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. "ఒక్క పసిపోరని నీళ్లకు ఇంత నలుపు రాదే రజితా. నెల పొద్దు వోసినా రాదు. ఈ తెల్లది ఏంది మరి?"

గఫూర్ చాచా గొంతు సవరించుకున్నాడు.

"అది నాదే గావొచ్చు. బియ్యం కడిగిన నీళ్లు. గిన్నెడే, ఎక్వ గాదు. మా అమ్మీ గులాబీలకు అవ్వే పోసేది."

"నీదా?" అండాలు పెద్దమ్మ ఆయన మీదికి లేచింది. "నేను రోజు పొద్దుగూకంగ కుడితి వోస్తే, నువ్వు పగటీలి వోస్తున్నవా? చెప్పద్దా?"

"నువ్వు జెప్పినవా?"

"నేనెట్ల జెప్త? దొంగతనం గదా!"

ఒకటో ఇల్లు పప్పు కడిగిన నీళ్లు. మూడో ఇల్లు రోజూ సగం చెంబు తాగే నీళ్లు, పిల్లలకు తగ్గించి. ఐదో ఇంట్లో మొగుడూ పెళ్లామూ ఒకరికి తెలియకుండా ఒకరు. ఏడో ఇంటి ముసలాయన చాలాసేపు ఆలోచించి, "నేను బట్టలుతికినయి," అన్నాడు.

"సబ్బు నీళ్లా!" సమ్మక్క నేల మీద కూలబడింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే తిట్టింది, చాలా తిట్టింది, అన్నీ రాయలేను. "ఏడిండ్లు గల్సి గడ్డికి దావతిచ్చిండ్రు! మీరు వోసిందంత వాలుకు ఉరికొచ్చి ఈ పసిపోరని నెత్తి మీద జేరింది. ఎవ్వల్ని పంపాలె ఇప్పుడు పడమటికి? ఆడ ఖాళీగ ఉన్నయే రెండిండ్లు."

తర్వాత నన్ను పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొన్న గడ్డిల ఏదో ఏరి జేబుల వెట్టుకున్నవ్. సూసిన. పూసలు తెగినయేమో అనుకున్న." నా తల మీద మట్టి చెయ్యి పెట్టింది. "నేను గుడ కోసి సూడాల్సుండె. ఎండలల్ల కోయద్దన్న మాట పట్టుకొని గూసున్న."

లాగ్ 9

నీళ్లు పూర్తిగా బంద్. ఆకు మీద తుంపర ఒక్కటే, అదీ సమ్మక్క చేత్తోనే.

నిన్న పొద్దునా, ఇవాళ పొద్దునా బ్లాకంతా మోకాళ్ల మీద పాక్కుంటూ సన్నటి ఇనుప చువ్వలతో మట్టికి కన్నాలు పొడిచాం. వేళ్లకు గాలి వెళ్లాలి. వెనకాల నుంచి అండాలు పెద్దమ్మ పొడి ఇసుక చల్లి చీపురుతో కన్నాల్లోకి తోసింది. రెండు పెద్ద ఫ్యాన్లు పల్లం వైపు తిప్పి పెట్టారు. పొడిచిన ప్రతిచోటా ఆ గుడ్డు వాసనే.

"ఓ చాచా, నీ బియ్యం నీళ్ల వాసన అస్తాంది."

"అది నీ కుడితి వాసన, పెద్దమ్మా. నేను బాస్మతి తింట."

"ఈ కరువుల బాస్మతి తింటడట! అబద్ధానికన్న హద్దుండాలె."

చువ్వతో నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. సమ్మక్కను పక్కకు పిలిచి అడిగాను, బతుకుతుందా అని.

"ఎగువకు బతుకుతది. మీ ఇంటి మీద..." చేతిలో చువ్వ కింద పెట్టింది. "మీ ఇంటి మీద వానల దాక కష్టమే బిడ్డా. నీకు అబద్ధం జెప్ప."

మధ్యాహ్నం ముప్పై మూడు పాయింట్ ఎనిమిది. మైకు ముందు చాలాసేపు నిలబడ్డాను. ముప్పై మూడు పాయింట్ ఎనిమిది అనే చెప్పాను. బీప్ కొంచెం ఆలస్యంగా వచ్చింది.

అమ్మ ఉయ్యాల పట్టుకుని నా వైపు చూసింది. తర్వాత బుడ్డోడి బట్టలు ఒక సంచిలో సర్దడం మొదలుపెట్టింది. పక్కన ఇంకో సంచి తెరిచి నా బట్టలు అందులో పెట్టింది. రెండు సంచులు. నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పకుండానే చాలాసేపు ఉన్నాను.

లాగ్ 10

ముప్పై నాలుగు పాయింట్ మూడు.

నొక్కాను. చెప్పాను. ఇవాళ బీప్ ఆగకుండా మోగింది.

అమ్మ సంచులు తలుపు దగ్గర పెట్టింది. నా జడ విప్పి మళ్లీ వేసింది, గట్టిగా. "హాస్టల్ల ఎవ్వరితోని కొట్లాడకు. అన్నం పెట్టినకాడికి తిను. లోపల దాచుకోకే అన్నీ, ఎవ్వరికన్న ఒక్కరికి చెప్పు."

"నువ్వు చెప్పావా?" అన్నాను.

అమ్మ నవ్వింది. కళ్లలో నీళ్లతోనే నవ్వింది.

అప్పుడే తలుపు తోసుకుని గఫూర్ చాచా, వెనకాల అండాలు పెద్దమ్మ, ఐదో ఇంటి మొగుడూ పెళ్లామూ లోపలికి వచ్చారు. బీప్ గోడల్లోంచి అందరికీ వినబడుతుంది. చాచా ఎవరినీ అడగకుండా ఉయ్యాల కొక్కెం విప్పాడు. ఐదో ఇంటాయన స్టాండు ఎత్తుకున్నాడు. పెద్దమ్మ బుడ్డోణ్ణి అందుకుంది.

"ఏంది, ఏం జేస్తున్నరు?" అంది అమ్మ.

"గడ్డి మీద మేం పోసినం. పోరడు ఎందుకు పోవాలె?" అన్నాడు చాచా.

బండి వచ్చేసరికి ఉయ్యాల రెండో ఇంట్లో ఉంది. వార్డు నర్సు మా తలుపు ముందు నిలబడి లోపలికి చూసింది. చేతిలో స్క్రీన్ పలక, ముఖం నిండా చెమట. పెద్దదేం కాదు, మా స్కూల్ సీనియర్లలా ఉంది.

"నాలుగో ఇల్లు ముప్పై నాలుగు దాటింది. బాబును తీసుకురండి."

"బాబు నాలుగో ఇంట్ల లేడమ్మా," అన్నాడు చాచా. "నా ఇంట్ల ఉన్నడు."

"రికార్డులో నాలుగో ఇల్లు అని ఉంది, తాతా."

"రికార్డుల ఉంటే ఉండనీ. పోరడు ఉయ్యాలల పంటడు గదా, రికార్డుల పంటడా?"

నర్సు రెండో ఇంట్లోకి వెళ్లింది. మేమంతా వెనకాలే వెళ్లాం. తలుపు పక్కన మీటర్ చూసింది, ముప్పై రెండు పాయింట్ ఏడు. తన జేబులోంచి ఇంకో మీటర్ తీసి ఉయ్యాల మీద పట్టుకుంది. అది కూడా అంతే చూపించింది. బుడ్డోడు ఆవలించాడు.

ఆమె పలకలో ఏదో చదివింది. కిందికి జరిపి మళ్లీ చదివింది. "రూలులో పిల్లవాడు ఉన్న గది అని రాశారు," అంది తనలో తాను. తర్వాత మా అందరి ముఖాలూ ఒకసారి చూసింది. "రేపు ఈ ఇల్లు కూడా దాటితే?"

"రేపటికి రేపు ఇంకో ఇల్లు," అంది పెద్దమ్మ. "ఏడున్నయి మాకు. కూసో బిడ్డా, ఇంత మజ్జిగ తాగు. గట్ల చెమటలు వడ్తున్నయేంది, నిన్ను ఎక్కించుకపోను ఏ బండి రావాలె?"

నర్సు మజ్జిగ తాగింది. బండి ఖాళీగా వెళ్లిపోయింది.

లాగ్ 11

ఎగువ వైపు గడ్డి అడుగు వేస్తే లేస్తోంది. మా ఇంటి మీద మాత్రం పల్లమంతా గోధుమ రంగు చాప పరిచినట్టుంది. సమ్మక్క దాని మీద గోనెపట్టాలు కప్పించింది. వానలొచ్చాక ఎగువ నుంచి ముక్కలు కోసి అతికిస్తుందట, నన్ను కూడా పక్కన ఉండమంది.

మా ఇంట్లో ఇవాళ ముప్పై ఐదు. పగలు మేం అక్కడ ఉండటం లేదు. బుడ్డోడు ఎక్కడుంటే అమ్మా నేనూ అక్కడే. ఐదో ఇంట్లో వాళ్లు మా కోసం మంచం జరిపారు. ఏడో ఇంటి ముసలాయన గురక పెడతాడని నాకిప్పుడు తెలుసు. పెద్దమ్మ నిద్రలో కూడా ఎవరినో తిడుతుందని కూడా తెలుసు. నేను అల్లిక సూదితో పొడిచిన సంగతి చాచాకు చెప్పాను. ఆయన ఆ మాట అందరికీ చెప్పేశాడు. కోపం వచ్చింది కానీ, మరీ అంత రాలేదు.

నర్సు రోజూ వస్తోంది. నిన్న వచ్చేసరికి ఉయ్యాల మోస్తూ వరండాలోనే ఉన్నాం. ఆమె పక్కకు జరిగి మాకు దారిచ్చింది.

సైరన్‌కు ముందు ప్రతి ఇంటి మీటరూ చూడటం ఇప్పుడు నా పని. ఈ బ్లాకులో పుట్టి పెరిగాను గానీ, నాకై నేనుగా ఒక్క తలుపూ ఎప్పుడూ కొట్టలేదు. ఎవరైనా తెరిస్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఇవాళ ఒకటో ఇంటి నుంచి మొదలుపెట్టాను. ముప్పై మూడున్నర. చాచా ఇల్లు ముప్పై మూడు. ఐదో ఇంట్లో ఇంకా గిన్నెలు తోముతున్నారు, చూసి చెప్తామన్నారు. ఆరో ఇంటి తలుపు రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది.

"ఎవలు?"

"నేను, పెద్దమ్మా. మీ ఇంట్లో ఎంతుంది?"

లోపల చీపురు చప్పుడు ఆగింది. మీటర్ దాకా నడిచిన చప్పుడు.

"ముప్పై రెండున్నర. ఊడ్సుడైంది, తీస్కరా పోరన్ని."